ఏనుగు కథకు ఊఁ కొట్టినవాళ్ళు

సౌదీ కొలువు ముగిసి పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడ్డాక విమానం ఎక్కేదాకా మనిషికి చేయడానికి ఏ పనీ ఉండదు. సామాను కట్టడం, తూచడం, బరువు ఎక్కువైందని మళ్ళీ విప్పడం, అంతే. అలా కూర్చున్న నన్ను చూసి మా యాన్బు తెలుగు కుర్రాళ్ళు "అంకుల్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏదైనా రాయండి, కొత్తగా వచ్చేవాళ్ళు చదువుకుంటారు" అన్నారు. నా సర్వీసంతా రిఫైనరీల్లో నట్లు విప్పడం, నట్లు బిగించడం. అందులో మీరు చదువుకునేదేముంది? అయినా అడిగారు కనుక ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన ఇవాళ మలయాళంలో పేరుమోసిన కథకుడు. ఆయన రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను చదవలేను. కానీ ఆ కథలు అచ్చుకాక ముందే ఆయన నోట విన్నవాళ్ళలో నేనొకణ్ణి. అంత భాగ్యం నాకెలా దక్కిందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అప్పట్లో నేను షట్‌డౌన్ పనుల సూపర్‌వైజర్ని. షట్‌డౌన్ అంటే ప్లాంటు ఆపేసి, ట్యాంకులు తెరిచి, లోపల కడిగి, బాగుచేసి మళ్ళీ మూయడం. ట్యాంకులోకి వెళ్ళాలంటే మ్యాన్‌హోల్ అనే గుండ్రటి ద్వారంలోంచి దూరాలి. ఆ ద్వారం బయట ఒక మనిషి కూర్చోవాలి. లోపలున్నవాళ్ళను మధ్యమధ్య పేరుపెట్టి పిలవాలి, జవాబు వినాలి, తేడా కనిపిస్తే హారన్ కొట్టి రెస్క్యూ వాళ్ళను రప్పించాలి. ఏం జరిగినా తను మాత్రం లోపలికి వెళ్ళకూడదు, ఆ చోటు వదలకూడదు. దాన్ని హోల్‌వాచ్ డ్యూటీ అంటాం. చూసేవాళ్ళకు అది కూర్చుని జీతం తీసుకునే ఉద్యోగంలా ఉంటుంది.

ఆ కథకుడు మలబారు తీరంలో ఏదో పల్లెవాడు. తండ్రి పడవ నడిపేవాడట. కాలేజీ మధ్యలో వదిలేసి లేబర్ వీసా మీద వచ్చాడు. దళసరి కళ్ళద్దాలు, సన్నటి చేతులు. వచ్చిన మొదటివారంలోనే స్పానర్ చేతికిస్తే తెచ్చి నా కాలిమీద పడేశాడు. "నాయనా, నువ్వు ఏదీ పట్టుకోకు, కూర్చో" అని మ్యాన్‌హోల్ దగ్గర కూర్చోబెట్టాను. మలయాళ సాహిత్యానికి నేను చేసిన సేవ అదొక్కటే.

నా గ్యాంగులో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాదు దిక్కు పిల్లలు. వాళ్ళలో ఒక బావా బామ్మర్దీ ఉండేవాళ్ళు. అక్కను పెళ్ళి చేసుకున్నవాడు బావ, నెమ్మదిమనిషి. బామ్మర్ది నోరున్నవాడు. లోపలి పనికి ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. హోల్‌వాచ్ మనిషి ఎన్నిసార్లు పిలుస్తాడో అన్నిసార్లూ జవాబివ్వడం వాళ్ళకు చిరాకు. స్క్రేపరుతో గీకుతుంటే చెవులు గింగురుమంటాయి, ఒళ్ళు చెమటతో నానిపోయి ఉంటుంది, బయటినుంచి ఒకడు పేరు పిలుస్తూ ఉంటాడు. "ఉన్నంరా భై, ఏడికి పోతం?" అని బామ్మర్ది కసురుకునేవాడు.

మా మలబారీ అన్నకు (గ్యాంగులో అందరూ అలాగే పిలిచేవాళ్ళు) ఈ కసురు బాధ కలిగించింది. రెండోరోజో మూడోరోజో పేర్లు పిలిచే మధ్యలో ఏదో కథ మొదలుపెట్టాడు. క్యాంపు హిందీ, అందులో కాస్త మలయాళం, అరబ్బీ మాటలు నాలుగు. ట్యాంకు లోపలి నుంచి చప్పుడు లేదు. వింటున్నారో లేదో తెలియక పాపం ఆగిపోయాడు.

అప్పుడు లోపలి నుంచి బావ గొంతు వినిపించింది. "ఆగినవేందన్నా? మా దిక్కు కథ చెప్తే ఇనేటోడు ఊఁ కొడ్తడు. నువ్వు చెప్పు, మేం ఊఁ కొడ్తం."

మీకు తెలియనిదేమీ కాదు. చిన్నప్పుడు నానమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టలేదూ? ఊఁ ఆగిందంటే వీడు నిద్రపోయాడని ఆవిడ దుప్పటి కప్పేసేది. మలబారీ అన్నకు మాత్రం ఇది కొత్త. వాళ్ళ ఊళ్ళో కథ వినేవాళ్ళు కళ్ళప్పగించి కూర్చుంటారట. ఈ ఊఁ కొట్టడం చూసి ఆయన మురిసిపోయాడు. ఆ రోజు టీ టైములో పాలు లేని సులేమానీ తాగుతూ నాతో క్యాంపు హిందీలో అన్నాడు, మా మాటల్లో చెబుతున్నాను: "సాబ్, బావ ఊఁ ముక్కులోంచి వస్తది. బామ్మర్దిది కొట్లాటలెక్క వస్తది. మొఖం కనబడకున్నా నాకు తెలుస్తది."

"తెలిస్తే తెలిసింది, పేర్లు పిలవడం మాత్రం మానకు" అన్నాను. అప్పటిదాకా నాకు కథలంటే పడేది కాదు. పని జాగాలో పని మాట్లాడాలని నా పట్టుదల. కానీ కథలు మొదలైనప్పటి నుంచీ లోపలివాళ్ళు కసురుకోవడం మానేశారు, పని కూడా చురుగ్గా సాగుతోంది. నేనూ ఏదో పర్మిట్ చూసే నెపంతో మ్యాన్‌హోల్ దగ్గరే తచ్చాడేవాణ్ణి.

ఆయన పనితీరు నాకు మెల్లగా అర్థమైంది. ముందు ట్యాంకు దగ్గర చెప్పేవాడు. ఎక్కడ ఊఁ నీరసంగా వచ్చిందో గుర్తుపెట్టుకొని ఆ ముక్క తీసేసేవాడు. శుక్రవారం సెలవునాడు క్యాంపు మెస్సులో, భోజనాల బల్ల తుడిచాక ఒక మూల కూర్చుని, మిగిలింది మాత్రమే రాసేవాడు. "ఊఁ కొట్టనిదాన్ని రాసి ఏం లాభం సాబ్?" అనేవాడు. పెద్దపెద్ద చదువులు చదివిన రచయితలు ఏం చేస్తారో నాకు తెలియదు, ఈయన మాత్రం ఇలా చేశాడు.

ఆ కథలన్నిటిలో మా గ్యాంగును పట్టుకుని పీడించింది ఏనుగు కథ. ఒక ఊళ్ళో ఉత్సవానికని ఏనుగును తెస్తారు. ఊరేగింపు అయిపోయి తిరిగి వెళ్తూ వెళ్తూ అది ఒక ముసలమ్మ ఇంటిముందు ఆగిపోతుంది. కదలదు. ముసలమ్మ ఊరందరినీ తిట్టే మనిషి. మావటివాడు బతిమాలతాడు, బెదిరిస్తాడు. పూజారి వచ్చి మంత్రం చదువుతాడు. పంచాయతీ వాళ్ళు వచ్చి తీర్మానం చేస్తారు. పశువుల డాక్టరు దూరంనుంచే చూసి మందు రాసిస్తాడు. ఏనుగు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. మావాళ్ళు పని చేస్తూ పడీపడీ నవ్వేవాళ్ళు. సాయంత్రం బస్సులో ఒకటే గోల.

"గది ఎందుకు నిలబడ్డదన్నా? జెర చెప్పరాదు?"

"చెప్తా చెప్తా. సబర్ కరో" అనేవాడు ఆయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఈ వ్యవహారం సేఫ్టీ సారు కంట పడింది. ఆయన గోదావరి జిల్లా ఇంజనీరు, మన తెలుగాయనే. మంచివాడే, కానీ ప్రమాదం అనే మాట వింటేనే ఆయనకు నిద్ర పట్టదు. ఒక సోమవారం పొద్దున్నే మ్యాన్‌హోల్ దగ్గరికి వచ్చి కథ విని ఆగిపోయాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమండీ, ఇదేం పద్ధతండీ? హోల్‌వాచ్ మనిషి ధ్యాసంతా లోపలివాళ్ళ మీదుండాలా, ఏనుగు మీదుండాలా?"

"సార్, పేర్లు పిలుస్తనే ఉన్నడు. కథ మధ్యల..."

"కథల్లేవండీ. ఇవాళంతా పేర్లు పిలవమనండి, అంతే. రేపట్నుంచి వేరే మనిషిని పంపిస్తాను. ఈయన్ని ఆఫీసులో అప్పగించెయ్యండి."

ఆఫీసులో అప్పగించడమంటే ఏమిటో మా అందరికీ తెలుసు. స్పానర్ పట్టలేనివాడికి, కూర్చోవడం కూడా చేతకాదని పేరొస్తే, ఇక ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యూ కాదు. నేరుగా ఇంటికే. ఆయన అన్నీ విన్నాడు. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుని, బుద్ధిగా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం దాకా అలాగే గడిచింది. ఆయన పిలవడం, లోపలి నుంచి బామ్మర్ది "ఉన్నమన్నా, ఇద్దరం ఉన్నం" అనడం. ఎండ ముదిరింది. బ్లోయరు గాలి తోలుతున్నా ట్యాంకు లోపల ఉక్క. భోజనం విరామం అయ్యాక వాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళారు. కాసేపటికి బామ్మర్ది అరిచాడు.

"అన్నా, నిన్ను పంపిస్తున్నరంట గద! ఏనుగు సంగతి చెప్పకుండ పోతే మేం ఊకుంటమా?"

ఆయన నా వైపు చూశాడు. నేను అటూ ఇటూ చూశాను. సేఫ్టీ సారు ఎక్కడో దూరంగా పరంజా దగ్గర ఉన్నాడు.

"కానీయ్. సారు వచ్చేలోపల ఆ ఏనుగును ఇంటికి తోలెయ్" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. గొంతు సవరించుకొని పంచాయతీ తీర్మానం దగ్గర్నుంచి అందుకున్నాడు. బామ్మర్ది ఊఁ అన్నాడు. డాక్టరు మందు రాశాడు. బామ్మర్ది ఊఁ అన్నాడు. ముసలమ్మ చీపురు పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. బామ్మర్ది ఊఁ అన్నాడు. ఆయన ఆగిపోయాడు. బావను పేరుపెట్టి పిలిచాడు.

"ఉన్నడన్నా! అవుతల పని చేస్తున్నడు" అన్నాడు బామ్మర్ది.

"ఆయన ఊఁ ఏది?"

"నేను కొడ్తున్న గదనే!"

"నీది కాదు. నాకు ఆయనది కావాలె. పోయి చూడు."

ఆ గొంతు నేనెన్నడూ విననిది. అంత మెత్తటి మనిషి, అంత గట్టిగా అన్నాడు. లోపల బామ్మర్ది బూట్ల చప్పుడు అటు చివరికి వెళ్ళింది. ఆ వెంటనే "బావా! ఓ బావా!" అని కేక. ఆ కేకకంటే ముందే మా అన్న హారన్ మీద చెయ్యి వేసి ఉన్నాడు. ప్లాంటంతా మోగిపోయింది.

రెస్క్యూ వాళ్ళు పరుగున వస్తున్నారు. వాళ్ళు రావడానికి పట్టేది కాసేపే అయినా ఆ కాసేపు ఎంత పొడుగో అక్కడున్నవాళ్ళకే తెలుసు. లోపల బామ్మర్ది ఏడుస్తూ బావను ఒక్కడే ఎత్తాలని చూస్తున్నాడు. భయంతో ఊపిరి అందడం లేదు. వాడూ పడిపోతే ఇద్దరూ పోతారు. నాకు లోపలికి దూకెయ్యాలనిపించి ముందుకు వెళ్ళాను. మా అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. తను కూడా స్టూలు వదల్లేదు. ద్వారంలో మొహం పెట్టి, ఎక్కడ ఆపాడో అక్కడినుంచే కథ మళ్ళీ మొదలుపెట్టాడు.

"ముసలమ్మ చీపురు పట్టుకొని వచ్చింది, విన్నవా? ఊఁ అను."

"అన్నా, బావ లేస్తలేడే..."

"వాళ్ళు వస్తున్నరు. నువ్వు ఊఁ అను. ముసలమ్మ ఏనుగును చూసింది. ఊఁ అను."

"ఊఁ..." ఏడుపులోంచి వచ్చింది.

"ఏనుగు ముసలమ్మను చూసింది."

"ఊఁ."

ఆయన గొంతు వణకలేదు. ఒక్కో ఊఁకూ వాడి ఊపిరి కాస్త కుదురుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. రెస్క్యూ వాళ్ళు మాస్కులు పెట్టుకొని లోపలికి దూరేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఏనుగూ ముసలమ్మా ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నారు.

బావను బయటికి తెచ్చారు. వడదెబ్బ. తడిగుడ్డలు కప్పి, క్లినిక్కుకు తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి కళ్ళు తెరిచి మాట్లాడాడు. డాక్టరు "ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. భార్యకు బాగాలేదని, బాగవ్వాలని రాజన్న దేవుడికి మొక్కుకున్నాడట. సోమవారం ఒక్కపొద్దు. ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చెబితే లోపలికి పంపరని, ఆ రోజు జీతం పోతుందని చెప్పలేదు. బామ్మర్దికి తెలుసు. కళ్ళు తిరుగుతున్నాయని బావ అవతల కూలబడితే, "జెర సేపు కూసో, పిలిస్తే నేను పలుకుత" అన్నాడు. ఒకడి బదులు ఒకడు పలకడం మావాళ్ళకు కొత్తేమీ కాదు. ప్రేమతోనే చేశాడు, ఆ ప్రేమే ప్రాణం మీదికి తెచ్చింది.

తమ్ముళ్ళూ, ఒక్కపొద్దులు ఉండొద్దని నేను అనను. నేనూ ఉన్నాను. కానీ ఉన్న రోజున చెప్పండి, ఆ రోజు నీడలో పని ఇస్తారు. ఇవ్వకపోతే పోట్లాడండి. రాజన్న ఏమీ అనుకోడు.

మర్నాడు విచారణ. మా మలబారీ అన్న ఉన్నదున్నట్టు చెప్పేశాడు, కథ చెబుతున్నానని కూడా. ఈయన పని అయిపోయిందనుకున్నాను. సేఫ్టీ సారు రిపోర్టు ముందు పెట్టుకుని పెన్ను తీశాడు.

"ఇది ఎలా రాయమంటారండీ? ఏనుగు కథ చెప్తుండగా గుర్తించారు అని రాస్తే పైవాళ్ళు ముందు నన్ను పంపించేస్తారు" అన్నాడు. తర్వాత తనే ఆలోచించి, 'లోపలి వ్యక్తులతో నిరంతరాయంగా సంభాషణ కొనసాగించుట వలన' అని రాశాడు. రాసి, మా అన్న చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదండీ. ఆ స్టూలు మీదే. పేర్లు పిలిస్తే నలుగురి బదులు ఒకడే పలికేస్తాడని నాకు ఇన్నాళ్ళూ తోచలేదు" అన్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ ఆ ఏనుగు ఎందుకు నిలబడిందండీ?" అని అడిగాడు.

"మాలూమ్ నహీ సార్" అన్నాడు మా అన్న.

మేమంతా నవ్వాం. దాటేస్తున్నాడనుకున్నాం.

బావను కొన్నాళ్ళకు ఊరికి పంపించారు. అతను లేకుండా ఆ కథ చెప్పనని అన్న పట్టుపట్టాడు. షట్‌డౌన్ అయిపోయింది. ఆయన తూర్పు తీరాన రాస్ తనూరాలో వేరే కంపెనీలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఏనుగు మా అందరి మనసుల్లో అలా నిలబడే ఉండిపోయింది.

ఆ తర్వాతి సంగతులు నేను మా మంగలి ద్వారా విన్నవే. యాన్బులో నాకు క్షవరం చేసేది ఒక మలయాళీ. పుస్తకాల పిచ్చివాడు. మా అన్న కథ ఒకటి వారపత్రికలో వచ్చిందనీ, పుస్తకం వచ్చిందనీ, ఉద్యోగం మాని ఊరు వెళ్ళిపోయాడనీ, బహుమతి వచ్చిందనీ, పిల్లల పాఠాల్లో పెట్టారనీ వీడే చెప్పాడు. నవలలు కూడా కత్తెర ఆడిస్తూ చెప్పేవాడు. నాకున్న జుట్టుకు ఒక నవలలో సగమే పట్టేది, మిగతా సగం మరుసటి నెల. ఏనుగు కథ మాత్రం చెప్పొద్దన్నాను. అది ఆయన నోటే వినాలని నా మొండితనం.

మొన్న, ఎగ్జిట్ పడ్డాక, ఆఖరి క్షవరానికి వెళ్తే వాడు అద్దం మీద అంటించిన పోస్టరు చూపించాడు. శుక్రవారం సాయంత్రం యాన్బులో సభ. ముఖ్య అతిథి ఆయనే. మంగలీ నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాం. హాలు నిండా మలయాళీలు. ఆయన జుట్టు నెరిసింది. కళ్ళద్దాలు ఇంకా దళసరి అయ్యాయి. ఆయన పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టగానే 'ఆన' అన్న మాట చెవిన పడింది. ఏనుగును వాళ్ళు అలాగే అంటారు. వెంటనే ఫోన్ తీసి బావకు వీడియో కాల్ చేశాను. అతను ఇప్పుడు ఊళ్ళో పసుపు పంట వేసుకుంటున్నాడు, భార్య చల్లగా ఉంది. "మాట్లాడకు, ఉత్తగ ఇను" అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాను.

ఆయన సగంలో పుస్తకం మూసేసి ఏదో చెప్పసాగాడు. మంగలి నా చెవిలో హిందీలో చెబుతున్నాడు: "ఈ కథ ఒక ట్యాంకు బయట కూర్చుని చెప్పాను అంటున్నాడు. విన్నవాళ్ళ మొహాలు కనబడేవి కావట. ఒకరోజు ఒక ఊఁ ఆగిపోయిందట. అప్పటికి కథ చివర ఆయనకే తెలియదట, ఊరికే సాగదీస్తున్నాడట." అని ఊరుకోకుండా మంగలి లేచి నిలబడి, నన్ను చూపిస్తూ మలయాళంలో ఒకటే అరుపు. హాలంతా వెనక్కి తిరిగింది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకొని చూశాడు. "సూపర్‌వైజర్ సాబ్!" అన్నాడు మైకులో. వేదిక దిగి నడుచుకుంటూ వచ్చి నన్ను కావలించుకున్నాడు. నా చేతిలో ఫోన్ చూశాడు. అందులో ఎవరున్నారో గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం పట్టింది. అక్కడే, అంతమంది ముందు నిలబడి, మా క్యాంపు భాషలో మొదలుపెట్టాడు.

"ముసలమ్మ చీపురు పట్టుకొని వచ్చింది."

"ఊఁ" అన్నాను నేను.

"ఏనుగును చూసింది. ఏనుగు ముసలమ్మను చూసింది."

"ఊఁ."

"ఊరంతా దాన్ని జరుగు జరుగు అన్నరు. పేరు పెట్టి పిలిచిన్రు, మందిచ్చిన్రు, మంత్రం చదివిన్రు. ముసలమ్మ చీపురు కింద పడేసింది. తొండం మీద చెయ్యి వేసింది. ఏం బిడ్డా, పొద్దుగాల సంది నిలబడ్డవు, తిన్నవా? అని అడిగింది."

అంతే. కథ అయిపోయింది. నాకు ఊఁ రాలేదు.

ఫోన్లోంచి వచ్చింది. ముక్కులోంచి వచ్చే ఊఁ, మెల్లగా, సాగదీసి.

ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. ఫోన్ రెండు చేతులా పట్టుకొని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. "తిన్నవా తమ్మీ?" అని అడిగాడు.

"తిన్నన్నా" అన్నాడు బావ. "ఇయ్యాల శుక్రవారమే గద."